దొరికిన రీళ్ళు

పారేసుకున్న వస్తువు దొరికితే సంతోషించని వాడుండడు. ఐతే దొరికిన వస్తువుని చేతిలో పట్టుకుని, "నేను పారేసుకున్నది ఇదేనా?" అని అనుమానపడాల్సి వస్తే? ఇంగ్లండులో ఒక తరం పిల్లలకి, వాళ్ళు పిల్లలుగా ఉండడం మానేసిన చాలా ఏళ్ళకి, సరిగ్గా ఇదే పరిస్థితి వచ్చింది. పోయిన వస్తువు ఒక టెలివిజన్ నాటకం. నిజానికి పారేసింది వాళ్ళు కాదు లెండి, బి.బి.సి. వారు. వెతికి పెట్టుకోవలసిన అగత్యం మాత్రం ఆ పిల్లలకి పట్టింది.

ఆ నాటకం పేరు "డాక్టర్ హూ". "ఏ డాక్టరండీ?" అని అడిగినట్టుంటుంది పేరు. ఈ డాక్టరు నాడి చూడడు, మందివ్వడు. సొంత పేరు చెప్పని ఒక ముసలాయన, నీలం రంగు పోలీసు పెట్టెలో ఎక్కి కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఉంటాడు. పోలీసుల్ని ఫోన్లో పిలవడానికి ఆ రోజుల్లో లండన్ వీధుల్లో అలాంటి పెట్టెలుండేవి. బయటినుంచి చూస్తే ఇద్దరు మనుషులు ఇరుక్కుని నిలబడేంత. తలుపు తీసి లోపలికి వెళితే పెద్ద హాలు. దాని పేరు టార్డిస్. బయట చిన్నది, లోపల పెద్దది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

మొదటి భాగం 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం వచ్చింది. ముహూర్తం ఎంత చక్కగా కుదిరిందంటే, ముందు రోజే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు. ఇంగ్లండులో జనం దిగ్భ్రమలో ఉన్నారు. ఇక కాలంలో తిరిగే ముసలాయన్ని ఎవరు పట్టించుకుంటారు? అంచేత మరుసటి శనివారం మొదటి భాగాన్ని మళ్ళీ వేసి, దాని వెనకే రెండోది వేశారు.

దీన్ని తయారుచేసిన వాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. ఆలోచన పుట్టించిన వాళ్ళలో ముఖ్యుడు సిడ్నీ న్యూమన్, కెనడా దేశస్థుడు. ఆయన నిర్మాతగా వెరిటీ లాంబర్ట్ అనే ఆవిడను తెచ్చి కూర్చోబెట్టాడు. మొదటి భాగం వచ్చిననాటికి ఆవిడకి 28 ఏళ్ళు నిండలేదు. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్, అప్పటికి 24 ఏళ్ళవాడు. 1938లో మన లక్నోలో పుట్టాడు. తల్లి అత్తియా హుస్సేన్, "సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్" అనే నవల రాసిన రచయిత్రి. నెత్తిన తెల్ల వెంట్రుకలు లేనివాణ్ణి నమ్మని ఆ రోజుల్లో ఒక అమ్మాయి నిర్మాత, ఒక లక్నో కుర్రాడు దర్శకుడు. ఎంత వింతగా చూసి ఉంటారో ఊహించుకోండి.

న్యూమన్ గారి ఉద్దేశం పిల్లలకి కాస్త చదువు చెప్పడం. అందుకే డాక్టరు వెంట ఇద్దరు పంతుళ్ళని పెట్టారు, ఒకరు సైన్సుకి, ఇంకొకరు చరిత్రకి. మిడిగుడ్ల రాక్షసులు మాత్రం వద్దని ఆయన గట్టిగా చెప్పాడు. ఐదో వారం చివరికల్లా రాక్షసులు రానే వచ్చారు. వాటి పేరు డాలెక్కులు. టెర్రీ నేషన్ రాశాడు, రేమండ్ క్యూసిక్ రూపం దిద్దాడు. మిరియాల డబ్బాని మనిషంత చేసి, చెయ్యి ఉండాల్సిన చోట తొట్టి పూడుకుపోతే వాడే రబ్బరు కప్పు తగిలించినట్టుంటుంది. దేశమంతటా పిల్లలు హడలిపోయారు. మరుసటి వారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు కూడా. సోఫా వెనక నక్కి డాక్టర్ హూ చూడడం అన్నది ఆ దేశంలో నానుడే ఐపోయింది.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. అప్పటి పిల్లలకి ఒక భాగాన్ని రెండోసారి చూసే దారి లేదు. శనివారం సాయంత్రం పాతిక నిమిషాలు. వచ్చిందా, చూశామా, పోయిందా. సోమవారం బడిలో దాని గురించి చెప్పుకోవడమే పునఃప్రసారం. మన దేశంలో 1980లలో దూరదర్శన్‌లో "స్టార్ ట్రెక్" కోసం, ఆ దశాబ్దం చివర "స్పేస్ సిటీ సిగ్మా" కోసం కాచుక్కూచున్న వాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ క్షణంలో కరెంటు పోతే ఆ భాగం జన్మకి పోయినట్టే.

సరే, పిల్లలకి రెండోసారి చూసే దారి లేదు. తీసినవాళ్ళ దగ్గరైనా భద్రంగా ఉండాలి గదా? అక్కడే వచ్చింది చిక్కు. ఆ నాటకాల్ని రెండంగుళాల వెడల్పు వీడియో టేపు మీద ముద్రించేవారు. టేపు చాలా ఖరీదు, చెరిపేసి మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల ప్రకారం ఒక నాటకాన్ని ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు వెయ్యడానికి వీల్లేదు. పైగా 1960ల చివర రంగుల టెలివిజన్ వచ్చింది. నలుపు తెలుపు నాటకం ఇంకెవరిక్కావాలి? చెరిపేశారు. విదేశాలకి అమ్మడానికని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసిన నకళ్ళు కొన్ని మిగిలాయి. అమ్మకాలు తగ్గాక వాటినీ పారేశారు, కొన్నింటిని తగలబెట్టారు. ఈ శాఖ వాళ్ళు ఆ శాఖలో ఉంటుందిలే అనుకున్నారు, ఆ శాఖ వాళ్ళు ఇది మన పని కాదనుకున్నారు. ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. అందరూ బీరువాలు ఖాళీ చేసే ఉద్యోగం శ్రద్ధగా చేశారు, అంతే. మనం నవ్వడానికి లేదు. మన మొదటి టాకీ "ఆలం ఆరా" 1931లో వచ్చింది, ఇవాళ చూద్దామంటే ప్రతి లేదు.

1978లో ఈ పారవెయ్యడం ఆగింది. ఇయాన్ లెవీన్ అనే ఒక అభిమాని వెళ్ళి, పారెయ్యడానికి సిద్ధంగా పెట్టిన మొదటి డాలెక్కుల కథని కాపాడాడు. చిన్నప్పుడు చూసినవాడు గనుక దాని విలువ ఆయనకి తెలుసు. అదే సంవత్సరం బి.బి.సి. వారు పాత కార్యక్రమాల్ని ఏరి దాచడానికి సూ మాల్డెన్ అనే ఆవిణ్ణి నియమించారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మొదటి ఆరేళ్ళలో వచ్చిన భాగాలు 253. వాటిలో నూటికి పైగా మాయం.

ఐతే పిల్లలు ఊరుకున్నారా? కొంతమంది కుర్రాళ్ళు ఆ శనివారాల్లోనే, ఇంట్లో వాళ్ళని నోరెత్తొద్దని బతిమాలుకుని, టెలివిజన్ ముందు మైకు పెట్టి టేపు రికార్డర్లో ధ్వని పట్టుకున్నారు. ఎవరో అడిగి కాదు, దాచి పెట్టాలన్న పెద్ద ఆశయంతోనూ కాదు, మళ్ళీ వినాలన్న కోరికతో. వాళ్ళ పుణ్యమా అని, బొమ్మ పోయిన ప్రతి భాగానికీ ఇవాళ ధ్వని ఉంది. ఇంకో మహానుభావుడు జాన్ క్యూరా, టెలివిజన్ తెరకి కెమెరా గురిపెట్టి నాటకాల ఫొటోలు తీసి, నటీనటులకీ దర్శకులకీ అమ్ముకునేవాడు. ఆయన పొట్టకూటి కోసం చేసిన పని చరిత్రకి ఆధారమైంది. ఇక 1973 నుంచి టార్గెట్ అనే ప్రచురణ సంస్థ పాత కథల్ని చిన్న చిన్న నవలలుగా వేసింది. ఒక్క టెరెన్స్ డిక్స్ అరవైకి పైగా రాశాడు. చూడలేని కథని చదువుకుని మనసులో ఆడించుకోవడం పిల్లలు అలా నేర్చుకున్నారు. మనసులో ఆడించుకునే నాటకానికి ఖర్చేముంది? రాక్షసులు ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తు.

అలా మనసుల్లో పెరిగి పెరిగి కొండంతైన కథ ఒకటుంది. పేరు "ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్", అంటే సైబర్‌మెన్ల సమాధి. 1967 సెప్టెంబరులో నాలుగు వారాలు వచ్చింది. అప్పటికి డాక్టరు వేషం పాట్రిక్ ట్రౌటన్‌ది. టెలోస్ అనే గ్రహం మీద పురావస్తు శాఖ వాళ్ళ వంటి బృందం ఒక సమాధి తవ్వుతుంది. లోపల మంచులో గడ్డకట్టి వెండిరంగు మనుషులు. మంచు కరుగుతుంది. తేనెపట్టు గదుల్లాంటి అరల్లోంచి, పల్చటి పొరలు చింపుకుంటూ ఒక్కొక్కళ్ళే లేస్తారు. అది చూసిన పిల్లలు జీవితాంతం మర్చిపోలేదు. ఆ తర్వాత రీళ్ళు పోయాయి. చూసినవాళ్ళు చెబుతుంటే చూడనివాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. పాతికేళ్ళలో అది అన్నిటికన్నా గొప్ప కథ అన్న పేరు తెచ్చుకుంది.

1991 చివర్లో ఆ నాలుగు రీళ్ళూ హాంగ్‌కాంగ్‌లో ఒక టెలివిజన్ కంపెనీ దగ్గర బయటపడ్డాయి. అమ్మిన నకళ్ళు వాడుకున్నాక తిప్పి పంపాలి, లేదా పక్క దేశానికి పంపాలి, లేదా నాశనం చెయ్యాలి. ఎవరో ఆ పని చెయ్యకుండా అల్మారాలో వదిలేశారు. లోకంలో బద్ధకం కూడా అప్పుడప్పుడు మేలు చేస్తుంది. 1992 మే నెలలో క్యాసెట్టు విడుదలైంది. ట్రౌటన్ 1987లోనే పోయాడు, పాపం, చూసుకోలేకపోయాడు. నలభయ్యో పడికి దగ్గరవుతున్న మాజీ పిల్లలు ఎగబడి కొన్నారు. తలుపులేసుకుని చూశారు.

చూశాక ఇంట్లో ఎవరూ సోఫా వెనక దాక్కోలేదు. చాలామంది మొహాలు కాస్త చిన్నబోయాయి. మనిషిని గాల్లోకి లేపిన తీగ కనిపిస్తోంది. సైబర్‌మెన్ల నాయకుణ్ణి ఎత్తి విసిరినప్పుడు, ఎగిరింది ఉత్త తొడుగని తెలిసిపోతోంది. సురభి వారి నాటకం చిన్నప్పుడు చూసి, ఘటోత్కచుడి మాయలకి నోరెళ్ళబెట్టి, పెద్దయ్యాక అదే నాటకంలో తాళ్ళు లాగేవాళ్ళ మీదికి దృష్టి పోయిన వాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. ఇంకోటి, ఇది తీగలకన్నా పెద్దది. ఆ కథలో టోబర్‌మన్ అనే నల్లజాతి సేవకుడున్నాడు. బలశాలి, మాట్లాడేది దాదాపు లేదు. యజమానురాలు చెప్పింది చెయ్యడం, బరువులెత్తడం, చివరికి అందరికోసం ప్రాణమివ్వడం అతని పని. ఎనిమిదేళ్ళ పిల్లాడికి అది తప్పనిపించలేదు. అదే కుర్రాడు ముప్ఫయి దాటాక చూస్తే కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. నాటకం మారలేదు. ఈలోగా దేశం మారింది, చూసే కన్ను మారింది.

అంటే ఏం లాభం లేదనా? అలా అనడం అన్యాయం. ఎంచేతంటే, పిల్లలకి కనపడనివి కూడా ఆ రీళ్ళలో ఉన్నాయి.

సైబర్‌మెన్లని సృష్టించిన ఇద్దరిలో ఒకడు కిట్ పెడ్లర్, వైద్యశాస్త్రంలో పరిశోధకుడు, కంటికి సంబంధించిన సంస్థలో పనిచేసినవాడు. ఆయన్ని ఒక భయం పట్టుకుంది. పాడైన అవయవాల్ని ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే, ఎక్కడో ఒక చోట మనిషి మనిషి కాకుండా పోతాడేమోనని. సైబర్‌మెన్లు పరాయి జీవులు కారు. చావు తప్పించుకోవడానికి ఒళ్ళంతా మార్చుకుని, ఆ తొందరలో మనసుని కూడా తీసేసుకున్న మనుషులు. ఈ కథ వచ్చిన మూడు నెలల్లోపలే, 1967 డిసెంబరు 3న, కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒకరి గుండె తీసి ఇంకొకరికి అమర్చాడు. పిల్లలు చూసింది వెండి రాక్షసుల్ని. పెద్దయ్యాక చూసింది ఒక సైంటిస్టు దిగుల్ని. ఆనాడు దుప్పటి ముసుగేసుకున్న పిల్లల్లో ఇవాళ మోకాలి చిప్పలు మార్చుకున్నవాళ్ళూ, గుండెకి పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. మనసులు నిక్షేపంగా ఉన్నాయి గనుక పెడ్లర్ గారి భయం పూర్తిగా నిజం కాలేదనే చెప్పాలి.

ఇంకో ఘట్టం ఉంది. డాక్టరు వెంట ఉన్న విక్టోరియా అనే అమ్మాయికి అంతకుముందు కథలోనే తండ్రి పోయాడు. అందరూ నిద్రపోతుండగా డాక్టరు ఆ పిల్ల పక్కన కూచుంటాడు. నాన్న గుర్తొస్తున్నారా అన్న ధోరణిలో మాటలు నడుస్తాయి. తన వాళ్ళు కూడా తన మనసులో నిద్రపోతూ ఉంటారనీ, కావాలనుకున్నప్పుడు వాళ్ళని కళ్ళముందుకి తెచ్చుకుంటాననీ, మిగతా వేళల్లో మర్చిపోయి బతుకుతాననీ ఆయన మెల్లిగా చెబుతాడు. రాక్షసులు లేరు, పరుగులు లేవు. పిల్లలు ఆ రెండు నిమిషాలూ విసుక్కునే ఉంటారు. ఈ పాతికేళ్ళలో అమ్మనో నాన్ననో పోగొట్టుకున్నవాళ్ళకి మాత్రం ఆ ఘట్టం దగ్గర గొంతు పట్టేసింది. ఇవాళ ఆ కథ గురించి మాట్లాడేవాళ్ళలో దీన్ని తలుచుకోనివాళ్ళు అరుదు.

ఇంకో ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈసారి ఆఫ్రికా వంతు. ఫిలిప్ మారిస్ అనే ఆయన పాత రీళ్ళ కోసం దేశాలు పట్టుకు తిరిగాడు. నైజీరియాలో జోస్ అనే ఊళ్ళో ఒక టెలివిజన్ కేంద్రంలో దుమ్ముకొట్టుకుపోయిన డబ్బాలు దొరికాయి. 2013 అక్టోబరులో సంగతి ప్రకటించారు. వాటిలో అంతవరకూ ఎక్కడా లేని భాగాలు తొమ్మిది. రెండు కథలవి.

అందులో ఒకటి "ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్". దీని గురించి ఎవరూ పెద్దగా కలవరించలేదు. ఆరు భాగాల్లో మూడోది మాత్రమే మిగిలి ఉండేది, అది చప్పగా ఉంటుంది. పైగా ఈ కథలో రాక్షసులే లేరు. రాక్షసుడు లేని కథని పిల్లవాడు ఏం పట్టుకుని గుర్తుంచుకుంటాడు? తీరా ఆరూ కలిపి చూస్తే కథ పరుగెత్తుతోంది. ట్రౌటన్ డాక్టరుగానూ, లోకాన్ని మింగాలనుకునే సాలమాండర్‌గానూ రెండు వేషాలు వేశాడు. "రాముడు భీముడు" చూసిన మనకి ద్విపాత్రాభినయం కొత్త కాదు గానీ, ఈయన నడక, చూపు, ఉచ్చారణ అన్నీ మార్చేశాడు. చిన్నప్పుడు దాన్ని పక్కనపెట్టినవాళ్ళే ఇప్పుడు మెచ్చుకున్నారు.

చూశారా వింత! కొండంత అనుకున్నది దొరికాక గుట్టైంది. గుట్ట అనుకున్నది దొరికాక ఎదిగింది. అంటే మన జ్ఞాపకం అబద్ధమాడుతుందనా? నాకలా అనిపించదు. పిల్లవాడు తనకి అక్కర్లేనిది అక్కడే వదిలేసి, తనకి కావలసింది పట్టుకెళ్ళాడు. కావలసిన దాంట్లో తక్కువైతే తన దగ్గరున్నది కలుపుకున్నాడు. బడ్జెట్టు లేక అట్టముక్కతో చేసిన గ్రహానికి ఆకాశం వేసింది వాడు. ఆ ఆకాశం రీలు మీద ఎన్నడూ లేదు గనుక రీలు దొరికితే దొరకదు. బయట చిన్నది, లోపల పెద్దది అన్నాను గదా, ఆ లోపలి హాలు కట్టిందెవరో ఆలోచించండి. పెద్దయ్యాక వెళ్ళినవాడు ఆ హాలు కోసం వెతుక్కుని బయటికొచ్చేస్తే నష్టపోతాడు. కాసేపు కూచుంటే, తాను వదిలేసి వెళ్ళినవి కనిపిస్తాయి. ఒక ముసలాయన ఓదార్పు, ఒక సైంటిస్టు బెంగ, ఒక నటుడి పనితనం.

ఒక్క సంగీతం మాత్రం ఏ వయసులో విన్నా చిన్నబోలేదు. రాన్ గ్రెయినర్ బాణీని డెలియా డెర్బీషైర్ అనే ఆవిడ బి.బి.సి. ధ్వని ప్రయోగశాలలో కూచుని, టేపుని ముక్కలు ముక్కలుగా కోసి అతికించి తయారుచేసింది. అది మొదలైతే అరవయ్యేళ్ళవాడికి కూడా ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ పిల్లల్లో కొందరు ఇంకో దారి పట్టారు. 1989లో ఆగిపోయిన నాటకాన్ని 2005లో తిరిగి లేపిన రసెల్ టి. డేవిస్ చిన్నప్పటి అభిమానే. 2013లో డాక్టరు వేషం కట్టిన పీటర్ కపాల్డీ, కుర్రాడిగా దాని గురించి పత్రికకి ఉత్తరం రాసినవాడు, అది 1974లో అచ్చైంది కూడా. చూసినచోటికి తిరిగి వెళ్ళడం కుదరక, వీళ్ళు ఆ పెట్టె తలుపు తీసుకుని లోపలే కాపురం పెట్టారు.

ఇంతకీ మన లక్నో కుర్రాడి సంగతి మిగిలింది. వారిస్ హుస్సేన్ 1964లో "మార్కో పోలో" కథ తీశాడు. ఏడు భాగాలు, ఒక్కటి తప్ప అన్నీ ఆయనవే. పామీరు కొండల నుంచి గోబీ ఎడారి మీదుగా కుబ్లయ్ ఖాన్ కొలువుదాకా ప్రయాణం. లండన్‌లో ఇరుకు స్టూడియో లోపల ఆ దారి అంతా కట్టారు. రాక్షసులు లేరు, చరిత్ర పంతులమ్మకి మాత్రం చేతినిండా పని. చూసినవాళ్ళు దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ధ్వని ఉంది. ఫొటోలున్నాయి, కొన్ని రంగుల్లోనే. బొమ్మ మాత్రం హాంగ్‌కాంగ్ డబ్బాల్లోనూ లేదు, నైజీరియా డబ్బాల్లోనూ లేదు. 2013లో లెక్క చూస్తే ఇంకా రావలసిన భాగాలు 97. వాటిలో ఈ ఏడూ ఉన్నాయి.

1964లో ఎనిమిదేళ్ళవాళ్ళకి ఇప్పుడు డెబ్బై, అటూ ఇటూగా. ఆ ఎడారి ఎలా కదిలిందో వాళ్ళ తలల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ తలలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. అల్మారాలు వెతికేవాళ్ళు కాస్త తొందరపడితే బాగుండును. ఏదో ఒకనాడు ఆ ఏడు రీళ్ళూ బయటపడితే, వాటిని చూసి "ఇది కాదండీ నేను చూసింది" అని దెబ్బలాడ్డానికి కనీసం ఒక్కరైనా మిగిలుండాలి గదా!